పెట్ట వెనక ఈకలు అట్టకడితే ముందు రెట్ట చూడండి

పెట్ట ముడ్డి కాడ ఈకలు తెల్లగా, పచ్చగా అట్టలు కట్టినాయంటే మన వైపు చాలామంది మెడికల్ షాపుకి పోయి మనుషులేసుకునే విరోచనాలు ఆగే మాత్ర తెచ్చి సగం విరిచి కోడి నోట్లో వేస్తారు. దయచేసి అది మాత్రం చెయ్యొద్దు. ఆ మాత్రల్లో కొన్ని పేగు కదలికని ఆపేస్తాయి, లోపలున్న పురుగో క్రిమో అట్నే ఉండిపోతాది. పొద్దున్నే గూడు తలుపు తీసినాక కింద పడున్న రెట్టని కాసేపు చూడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతాది.

కోడికి ఉచ్చ వేరుగా రాదు. రెట్టయినా గుడ్డయినా బయటికొచ్చే దారి ఒక్కటే. నీళ్లు ఆదా చేసుకోడానికి కోడి తన ఒంట్లో వ్యర్థాన్ని యూరిక్ యాసిడ్‌గా మార్చి తెల్లటి ముద్దలాగా పంపిస్తాది, కాబట్టి గట్టి రెట్ట మీద తెల్లగా కనిపించేది రోగం కాదు. ఇది కాకుండా రోజుకి రెండు మూడు సార్లు ఇంకో రకం రెట్ట వస్తాది, ఆవపిండి రంగు నించి ముదురు గోధుమ రంగు దాకా ఉంటాది, జిగట, నురగ, భరించలేని కంపు. అది చూసే చాలామంది కోడి పారుకుంటోందని భయపడతారు. కోడి పేగు చివర్లో సీకా అని రెండు గుడ్డి సంచులుంటాయి, అరగని పీచుని అక్కడ బ్యాక్టీరియా పులియబెడతాయి, ఆ సంచులు ఖాళీ అయినప్పుడు వచ్చేదే ఈ రెట్ట. అది వస్తా ఉందంటే పేగు బాగున్నట్టే. పొదుగు మీదున్న పెట్ట అయితే గంటలకొద్దీ ఆపుకోని గూట్లోంచి దిగినాక ఒకేసారి ఇంత ముద్ద వేస్తాది, అదీ మామూలే.

నిజంగా నీళ్లలాగా పోతుంటే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నేను మొదట అనుమానించేది ఎండని, తర్వాత ఉప్పుని. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటాది, చెమట పట్టదు, రోహిణి కార్తెలో నోరు తెరిచి వగరుస్తా మామూలుకి రెట్టింపు నీళ్లు తాగేస్తాది, ఆ నీళ్లు అట్నే రెట్టలో వచ్చేస్తాయి. దీనికి మందు అక్కర్లేదు, నీడ, చల్లటి నీళ్లు చాలు. ఉప్పు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. కొత్తపట్నం, ఇస్కపల్లి లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవే కోళ్లకి పోస్తారు, దాని మీద ఉప్పుచేప తలకాయలు, పచ్చడి కలిపిన అన్నం, మిగిలిన బిర్యానీ. పులికాట్ మీద తిరిగే సముద్రపు పక్షులకి ఎక్కువైన ఉప్పుని ముక్కులోంచి బయటికి పంపే గ్రంథి ఉంటాది, కోడికి ఆ ఏర్పాటు లేదు, ఉప్పంతా కిడ్నీలే నీళ్లతో కడిగి పంపాల. అందుకే మందుల కన్నా ముందు ఒక వారం మంచి నీళ్లు పెట్టి, ఉప్పు తగిలిన తిండి ఆపి చూడండి.

బూజు పట్టిన వేరుశనగ చెక్క ఇంకా ప్రమాదం. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం మేతలో కలిపిన వేరుశనగ చెక్క అని తేలింది, అట్నే అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడింది. అది లివర్‌ని తినేస్తాది, ఉడకబెట్టినా పోదు. వాసనొచ్చిన చెక్కని కోళ్లకేగా అని వెయ్యొద్దు.

అక్టోబర్, నవంబర్ వానలప్పుడు కథ వేరు. గూట్లో వరిపొట్టు తడిసిందంటే కాక్సీడియా క్రిములు రెండ్రోజుల్లో అంటుకోడానికి సిద్ధమైపోతాయి, పిల్లల రెట్టలో రక్తం కనిపిస్తాది. అప్పుడు ఆగొద్దు, పశువుల డాక్టర్ చెప్పిన మోతాదులో ఆంప్రోలియం నీళ్లలో కలిపి ఇవ్వాల, పొట్టు మొత్తం మార్చాల. తెల్లటి పొడుగు పురుగులు కనిపిస్తే నట్టల మందు. డాక్టర్ చెప్పకుండా యాంటీబయాటిక్ వాడితే సీకాలో మంచి బ్యాక్టీరియా చచ్చి ఈస్ట్ పెరిగే వీలుంది, అప్పుడు ముడ్డి చుట్టూ పుల్లటి కంపుతో తెల్లటి పేస్టు లాంటిది కడతాది, దానికి ఫంగస్ మందు కావాల, మళ్ళీ యాంటీబయాటిక్ కాదు.

కడగడం కూడా జాగ్రత్తగా చెయ్యాల. ఎండ వచ్చినాక బేసిన్లో గోరువెచ్చటి నీళ్లు పోసి కోడి వెనక భాగం మాత్రం మునిగేటట్టు పట్టుకుంటే అట్ట మెత్తబడి తనంతట ఊడొస్తాది. పీకొద్దు, పల్చటి చర్మం చిరిగిపోతాది. ఊడకపోతే ఈక కొనల్ని కత్తెరతో కత్తిరించండి, కాడ నల్లగా నీలంగా ఉన్న కొత్త ఈకలో రక్తం ఉంటాది, దాని జోలికి పోవద్దు. అప్పుడే ఈకల మొదళ్ళు విడదీసి చూడండి, తెల్లటి గడ్డల్లాగా అంటుకోనుంటే అవి పేల గుడ్లు. చర్మం మీద పురుగులు కదుల్తా ఉంటే మాత్రం అది అర్జెంటు, మురికి ఈకల్లో ఈగలు పెట్టిన గుడ్లు ఒక్క రోజులోనే పగిలి పురుగులు కండని తింటాయి, అన్నీ ఏరేసి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసకపోవాల. కడిగినాక పూర్తిగా ఆరేదాకా గంప కింద వేరుగా ఉంచండి, ఎర్రటి చర్మం కనిపిస్తే మిగతా కోళ్లు పొడిచి పొడిచి చంపేస్తాయి.

పచ్చటి నీళ్ల రెట్ట, మెడ తిరిగిపోవడం, ఎగశ్వాస కలిసి కనిపిస్తే కొక్కెర తెగులేమో అనుకోవాల. అది వైరస్, వచ్చినాక మందు లేదు, మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా ఇంజక్షన్ ముందే వేయించుకోని ఉండాల. ఒకేసారి కోళ్లన్నీ పడిపోతుంటే చేత్తో తాకొద్దు, కోసుకోవద్దు, వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఇక ఏ మందు వాడినా గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో డాక్టర్నే అడగండి, మందుని బట్టి అది మారతాది, ఆ రోజుల గుడ్లు పిల్లలకి అస్సలు పెట్టొద్దు.