గుండె జబ్బు జన్యువులు, అల్జీమర్స్: ముందు నుంచీ ఉన్న లింకు

వరంగల్, హనుమకొండల్లో ఇంటి పెద్దకు ఛాతీలో నొప్పి వస్తే అర్ధరాత్రయినా ఎంజీఎంకో, ప్రైవేటు ఆసుపత్రికో తీసుకుపోతారు. అదే మనిషి ‘నాకేం యాది ఉంటలేదు బిడ్డా’ అంటే, వయసు మీద పడింది కదా అని ఊరుకుంటారు. ఈ రెండు జబ్బుల ముప్పు వెనుక కొన్నిచోట్ల ఒకే జన్యువులు ఉన్నాయని ఇప్పుడు పరిశోధనలు చెబుతున్నాయి. కొత్తగా అనిపిస్తుంది కానీ, దీని జాడ అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు మీద వచ్చిన మొదటి నివేదికలోనే ఉంది.

జర్మనీలో ఆగస్టే డీటర్ అనే మహిళ మతిమరుపుతో 51వ ఏట ఆసుపత్రిలో చేరి 1906లో చనిపోయారు. ఆమె మెదడును పరీక్షించి డాక్టర్ అలోయిస్ అల్జీమర్ 1907లో ఒక పత్రం ప్రచురించారు. అందులోని మచ్చలు, చిక్కుపడిన పోగుల గురించి అందరికీ తెలుసు. పెద్ద రక్తనాళాలు గట్టిపడ్డాయని, గ్లియా కణాల్లో (నరకణాలకు ఆసరాగా ఉండే కణాలు) కొవ్వు పేరుకుందని కూడా ఆయన అందులోనే రాశారు. ఆ కొవ్వు సంగతి చాలాకాలం మరుగున పడిపోయింది.

రక్తనాళాల కథ ఇంకోలా నడిచింది. ముసలితనంలో మతి తప్పితే అది నాళాలు గట్టిపడటం వల్లేనని వైద్యులు దశాబ్దాల పాటు నమ్మారు. 1960ల్లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు వృద్ధుల మెదళ్లను పరీక్షిస్తే, చాలామందిలో అల్జీమర్ చూసిన మచ్చలే కనిపించాయి. ఆ దిద్దుబాటు అవసరమే. కానీ ఆ తర్వాత గుండె ఒక డాక్టరుకు, మతిమరుపు ఇంకో డాక్టరుకు పంచినట్టయింది.

మళ్లీ కలిపింది అపోఈ అనే జన్యువు. 1970ల్లో అది తయారు చేసే ప్రోటీన్‌ను రక్తంలో కొవ్వును మోసేదిగా గుర్తించారు. దాని మీద మొదట పనిచేసిన వాళ్లంతా కొలెస్ట్రాల్ పరిశోధకులే. 1993లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో అలెన్ రోజెస్ బృందం, ఈ జన్యువులో ‘ఈ4’ రకం ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు ఎక్కువని చూపించింది. ఐరోపా మూలాలున్న వారిలో ఒక కాపీ ఉంటే ముప్పు దాదాపు మూడింతలు, రెండుంటే ఇంకా చాలా ఎక్కువ. ఈ4 ఉన్న అందరికీ జబ్బు వస్తుందని కాదు. తర్వాత వరుసగా బయటపడిన సోర్ల్1, క్లస్టరిన్, ఏబీసీఏ7 జన్యువులకూ కొవ్వు రవాణాతో సంబంధం ఉంది.

2018లో మరో పెద్ద అడుగు పడింది. 15 లక్షల మందికి పైగా డీఎన్ఏ సమాచారాన్ని అమెరికా పరిశోధకులు జల్లెడ పట్టి, గుండె జబ్బు ముప్పునూ అల్జీమర్స్ ముప్పునూ కలిపే 90 చోట్లను గుర్తించారు. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఆ సంబంధమంతా ప్రధానంగా కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్ల (రక్తంలోని మరో రకం కొవ్వు) జన్యువులతోనే. ఊబకాయం, షుగర్ జన్యువులతో అంతగా కనిపించలేదు. కాబట్టి ‘గుండె జన్యువులే మతిమరుపు జన్యువులు’ అనేస్తే తప్పవుతుంది. శరీరం కొవ్వును ఎలా వాడుకుంటుందన్నదే ఇక్కడ ప్రశ్న.

ఇది విని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు మతిని కాపాడతాయని అనుకోవద్దు. మెదడు తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను దాదాపు అంతా తానే తయారు చేసుకుంటుంది. డెబ్బై దాటినవారిపై ఈ మాత్రలతో జరిగిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2002లో వచ్చాయి. మతి విషయంలో మాత్రలు వేసుకున్నవారికి అదనపు మేలేమీ కనిపించలేదు. అయితే నడివయసులో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండటాన్ని లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతి తప్పే జబ్బులు) ముప్పు కారణాల్లో చేర్చింది. అంటే జాగ్రత్త పడాల్సింది నలభైల్లో, యాభైల్లో.

ఈ లెక్కల్లో ఎక్కువ భాగం ఐరోపా మూలాలున్న వారివే. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో జరిగిన అధ్యయనంలో ఈ4 అమెరికన్లలో కంటే తక్కువమందిలో కనిపించింది, కానీ ఉన్నవారికి ముప్పు మాత్రం అక్కడా ఉంది. మన దేశంలో 60 దాటినవారిలో డిమెన్షియా ఉన్నవారు దాదాపు 88 లక్షలని ఒక జాతీయ అధ్యయనం అంచనా. మన ఊళ్లలో ముప్పై దాటిన వాళ్లకు బీపీ, షుగర్ చూస్తున్నారు. ఆ చూసేటప్పుడే కొలెస్ట్రాల్ పరీక్ష రాయాలి, ఇంట్లో పెద్దవాళ్ల మతి ఎట్లుందో కూడా అడగాలి. రెండూ ఒకే కార్డు మీద నమోదైతే, గుండె డాక్టరుకూ నరాల డాక్టరుకూ ఒకే కుటుంబ చరిత్ర కనిపిస్తుంది.