షిండ్లర్ ఫ్యాక్టరీలో ఫ్యాక్టరీ ఎందుకు కనిపించదు?

పోలండ్‌లోని క్రాకోవ్ నగరం, లిపోవా వీధి, 4వ నంబరు భవనం. రెండో ప్రపంచ యుద్ధంలో తన యూదు కార్మికులను కాపాడిన జర్మన్ వ్యాపారి ఆస్కర్ షిండ్లర్ ఫ్యాక్టరీ ఇదే, ఇప్పుడు మ్యూజియం. ఆయన కథతో వచ్చిన 1993 నాటి 'షిండ్లర్స్ లిస్ట్' సినిమా చూసి ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది లోపల కొలిముల కోసం, ప్రెస్సుల కోసం వెతుకుతారు. అవి ఉండవు. ఉండేది 1939–45లో జర్మన్ ఆక్రమణ కింద నలిగిన ఒక నగరం చరిత్ర. అలా ఎందుకైందో ఆ భవనం చేతులు మారిన తీరులోనే ఉంది.

దీన్ని కట్టుకున్నది షిండ్లర్ కాదు. 1937 మార్చిలో మిహావ్ గుట్మన్, ఇజ్రాయెల్ కాన్, వోల్ఫ్ గ్లైట్‌మన్ అనే ముగ్గురు యూదు వ్యాపారులు 'రెకార్డ్' పేరుతో ఎనామిల్ గిన్నెల కంపెనీ పెట్టారు. 1939 జూన్‌లో అది దివాలా తీసింది. సెప్టెంబరులో జర్మన్ సైన్యం వచ్చింది, నవంబరులో ఫ్యాక్టరీ షిండ్లర్ చేతికి వెళ్లింది. వ్యాపారాన్ని నిజంగా నడిపించినవాడు అబ్రహాం బాంకియర్ అనే యూదుడు. ఈ నలుగురి పేర్లూ షిండ్లర్ పేరంత గుర్తుండాల్సినవి.

ఎనామిల్ పని తేలికైనది కాదు. ఉక్కు రేకును ప్రెస్సులో నొక్కి గిన్నెగా మలిచాక, జిడ్డు తీసి, ఆమ్లంలో కడగాలి. మెత్తని గాజుపొడి, బంకమట్టి నీళ్లలో కలిపిన పూతలో ముంచి, ఆరబెట్టి, సుమారు 800–850 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చాలి. ఉక్కును పట్టుకోవడానికి అడుగుపూతలో కోబాల్ట్ ఆక్సైడ్ వేస్తారు. జిడ్డు మిగిలితే పూత అంటదు. ఉక్కులో చిక్కుకున్న హైడ్రోజన్, గిన్నె చల్లారాక బయటికి తోసుకొచ్చి పూతను చేపపొలుసుల్లా లేపేస్తుంది. సైన్యానికి సరుకు కావాలి, దానికి పని తెలిసినవాళ్లు కావాలి అన్న వాదనే యూదు కార్మికులకు రక్షణ కవచమైంది. వాళ్లలో చాలామందికి ఈ పని ముందు తెలియదు. కూలి డబ్బు కూడా వాళ్లకు కాక, శిబిరాలను నడిపిన నాజీ సాయుధ దళం ఎస్‌ఎస్‌కే చేరేది.

పొద్‌గూజె ప్రాంతంలో 1941 మార్చిలో ఏర్పడిన ఘెట్టోను, అంటే యూదులను బంధించి ఉంచిన గోడల మధ్య పేటను, 1943 మార్చి 13, 14 తేదీల్లో ఖాళీ చేయించారు. బతికినవాళ్లలో పనికొస్తారనుకున్నవాళ్లను ప్వాషూవ్ నాజీ నిర్బంధ శిబిరానికి తోలారు. షిండ్లర్ అధికారులను ఒప్పించి ఫ్యాక్టరీ పక్కనే ఉపశిబిరం పెట్టించాడు. 1944లో యుద్ధరంగం దగ్గరపడడంతో ఆయుధ భాగాల తయారీని, కార్మికులతో సహా, ఇప్పటి చెక్ దేశంలోని బ్రున్‌లిట్జ్‌కు తరలించాడు. దాదాపు 1,100 మంది అలా బతికారు.

యుద్ధం తర్వాత ప్రభుత్వపరమైన ఈ ఆవరణలో 1948 నుంచి 2002 దాకా 'టెల్‌పోద్' సంస్థ ఎలక్ట్రానిక్ విడిభాగాలు తయారు చేసింది. ఎనామిల్ కాలపు సామగ్రి మిగలకపోవడానికి ఇదొక పెద్ద కారణం. 2010 జూన్‌లో ఆఫీసు భవనంలో మ్యూజియం తెరిచారు. వెనక షెడ్ల స్థలంలో సమకాలీన కళల మ్యూజియం వచ్చింది. లేని యంత్రాలకు నకళ్లు పెట్టకుండా నగర కథ చెప్పాలనుకోవడం సరైన నిర్ణయం. షిండ్లర్ గదిలో గిన్నెలతో నిండిన గాజు కట్టడం ఒక్కటే ఆ ఉత్పత్తిని తలపిస్తుంది.

టికెట్ మీద ప్రవేశ సమయం ఉంటుంది. వేసవిలో త్వరగా అయిపోతాయి కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. సోమవారం ప్రవేశం ఉచితమే కానీ టికెట్లు పరిమితం. చదవాల్సింది ఎక్కువ, రెండు గంటలైనా పెట్టుకోండి. ముందుగా ఇనుప కుర్చీల స్మారకమున్న ఘెట్టో వీరుల కూడలి, దాని అంచున, ఘెట్టోలోని యూదులకు సాయపడిన పోలిష్ ఫార్మసిస్టు తదేవుష్ పాంకియెవిచ్ నడిపిన మందుల షాపు, ల్వోవ్‌స్కా వీధిలో మిగిలిన గోడ ముక్క చూసి, అక్కడి నుంచి నడిచి రండి. మ్యూజియం గదుల్లో కనిపించే మ్యాపులు అప్పుడు తేలిగ్గా అర్థమవుతాయి.