మొలక నుంచి పుట్టిన అక్షరం

జపాన్‌లో మొదటి తరగతి పిల్లలు నేర్చుకునే 80 కంజీలలో, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలలో, ఐదు గీతలతో పూర్తయ్యే 生 అనే అక్షరం ఒకటి ఉంది. నేలను చీల్చుకొని పైకి లేస్తున్న మొలక బొమ్మగా అది ప్రాచీన చైనాలో పుట్టింది. రాయడానికి ఇంత సులువైన ఈ అక్షరాన్ని చదవడంలో పెద్దవారు కూడా ఒక్కొక్కసారి తడబడతారు. ప్రభుత్వం 2010లో సవరించిన నిత్యవ్యవహార కంజీల పట్టిక దీనికి 12 ఉచ్చారణలను చూపుతుంది. పట్టికకు ఎక్కనివి ఇంకా ఉన్నాయి.

చైనా లిపి వచ్చేనాటికి జపనీయులకు సొంత భాష ఉంది, సొంత లిపి లేదు. బతకడాన్ని ఇకిరు అని, పుట్టడాన్ని ఉమరెరు అని, గడ్డి గానీ పళ్లు గానీ మొలవడాన్ని హయెరు అని వారు వేర్వేరు మాటలతో చెప్పుకునేవారు. చైనా భాషలో ఈ భావాలన్నీ మొలక అక్షరంలోనే ఇమిడి ఉండడంతో, మూడు క్రియలకూ అదే అక్షరం స్థిరపడింది. అందుకే నేటికీ పాఠకుడు ఆ అక్షరం వెనుక ధ్వనులను రాసే హిరగన లిపిలో ఉండే తోకను చూసి, అక్కడ ‘కిరు’ ఉంటే బతకడమని, ‘మరెరు’ ఉంటే పుట్టడమని, ‘ఎరు’ ఉంటే మొలవడమని గుర్తుపడతాడు. చైనా ఉచ్చారణలు కూడా వేర్వేరు కాలాల్లో వచ్చి నిలిచిపోయాయి. మనిషి బతుకును జిన్‌సెయ్ అంటారు, ఒకరి జీవితకాలమంతటినీ ఇష్షో అంటారు; రెండింటి చివరా ఉన్నది ఈ అక్షరమే.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ‘నమ’ అనే ఉచ్చారణ, ఎందుకంటే దాని నడక మన ‘పచ్చి’ మాటకు చాలా దగ్గరగా ఉంటుంది. వేడి అన్నంలో కొట్టి, సోయా సాస్‌తో కలుపుకొని తినే పచ్చి గుడ్డు నమతమగో. వంటింటి తడి చెత్త నమగోమి. తిరిగే డ్రమ్ము లారీలో వచ్చే, ఇంకా గట్టిపడని కాంక్రీటు నమకొన్. స్లాబు ఇంకా పచ్చిగానే ఉందని మన మేస్త్రీలు చెప్పడంలోనూ ఉన్నది ఇదే ఊహ. అయితే పచ్చి అబద్ధమన్నప్పుడు మన మాట తీవ్రతను సూచిస్తే, నమ మరో దారి పట్టింది. ప్రత్యక్ష ప్రసారం నమహోసో, అంటే కోతలూ కూర్పులూ లేకుండా అప్పటికప్పుడు అందేది. మనసు పెట్టకుండా ఊఁ కొట్టడం నమహెంజి, అంటే పండని జవాబు. భోజనశాలలో కూర్చోగానే “తోరియయెజు నమ” అంటే, ముందు నమ తెమ్మని అర్థం. ఏం కావాలో విడిగా చెప్పనక్కరలేదు, వేడిచేసి శుద్ధి చేయని బీరు వస్తుంది.

గురువును పిలిచే సెన్సెయ్‌లో రెండో అక్షరం ఇదే. ముందు పుట్టినవారని దాని అక్షరార్థం. వైద్యులనూ న్యాయవాదులనూ అలాగే పిలుస్తారు.

ఇంటిపేర్లలో ఆసరాగా ఏ తోకా ఉండదు. 2014, 2018 ఒలింపిక్స్‌లలో స్వర్ణం గెలిచిన స్కేటర్ యుజురు హన్యూ, 1996లో చదరంగం లాంటి షోగి ఆటలోని అప్పటి ఏడు ప్రధాన బిరుదులనూ ఒకేసారి చేజిక్కించుకున్న యోషిహరు హబు, తమ ఇంటిపేర్లను సరిగ్గా అవే రెండు అక్షరాలతో రాస్తారు. మొదటిది ఈక, రెండోది మన మొలక. కాగితం మీద ఆ రెండు అక్షరాలే కనిపిస్తే, వాటిని హన్యూ అని చదవాలో హబు అని చదవాలో ఆ ఇంటివారినే అడగాలి.