పత్తెం కూడు, గట్టిపడ్డ పొట్ట

మా అప్పకి శ్రీకాకుళంలో గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన రోజే పత్తెం మొదలైంది: మెత్తటి అన్నం, మిరియాల చారు, అంతే. నీళ్లెక్కువైతే కుట్లు చీము పడతాయని గ్లాసు కూడా అందనివ్వలేదు. అయిదో రోజు మరుగుదొడ్లోంచి ఏడుస్తూ వచ్చింది. ఏడిపించింది కుట్లు కాదు, మొలలు.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం అన్ని రాష్ట్రాలకన్నా మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. అందుకే ఆపరేషన్ తర్వాతి మలబద్ధకం, మొలల బాధ గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి.

పెద్దపేగులోకి రోజూ దాదాపు లీటరున్నర పల్చటి పదార్థం చేరుతుంది. పేగు అందులోని నీటిని పీల్చుకుంటూ మిగతాది ముందుకు తోస్తుంది. కదలిక ఎంత నెమ్మదిస్తే మలం అంత గట్టిపడుతుంది. ఆపరేషన్‌తో మత్తుమందు, మంచం, తగ్గిన తిండి అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు మెదడు మీదే కాదు, పేగు గోడ మీదా పనిచేసి దాన్ని మందగింపజేస్తాయి. ఐరన్ మాత్రలూ గట్టిచేస్తాయి. వీటన్నిటికీ మన పత్తెం తోడు! ప్రేమతో చేసేదే, కానీ కూరగాయలూ నీళ్లూ మాన్పిస్తే కుట్లు త్వరగా మానవు.

మలద్వారంలో రక్తనాళాల మెత్తటి దిండ్లు అందరికీ ఉంటాయి. ముక్కితే అవి రక్తంతో ఉబ్బుతాయి. లోపలి మొలలు ఎక్కువగా రక్తం కారుస్తాయి, నొప్పి తక్కువ. బయటి మొలలో రక్తం గడ్డకడితే మాత్రం కూర్చోనివ్వదు. ఆ భయంతో ఆపుకుంటే మలం ఇంకా గట్టిపడుతుంది.

డాక్టరు సరేనన్నాక అప్పని రోజుకు మూడుసార్లు గోరువెచ్చని నీళ్ల బేసిన్‌లో పావుగంట కూర్చోబెట్టాం. బిగుసుకున్న కండరం సడలి నొప్పి తగ్గింది. ఆయనే లాక్టులోజ్ సిరప్ రాశారు. అది పేగులోకి నీటిని లాగుతుంది, పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇసబ్గోల్ మంచిదే, కానీ నీళ్లు చాలకపోతే లోపలే ముద్దకడుతుంది. కమోడ్ ముందు పీట వేసి కాళ్లు పెడితే, గొంతుక్కూర్చున్నట్టు మలమార్గం తిన్నగా అవుతుంది. పొద్దున తిన్న కాసేపటికి పెద్దపేగు తనంతట తానే కదులుతుంది, వెళ్లాల్సింది అప్పుడే. ఎనిమా మాత్రం ఆపరేషన్ చేసినవాళ్లని అడక్కుండా వద్దు.

ఉద్దానం వాళ్లకి ఇంకో మాట. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బున్న ఇళ్లు చాలా. అలాంటివాళ్లు మెగ్నీషియం కలిసిన విరోచనాల మందులు, ఫాస్ఫేట్ ఎనిమాలు సొంతంగా వాడకూడదు. పొటాషియం ఉండే కొబ్బరినీళ్లు ఎంత తాగొచ్చో, మామూలు నీళ్లయినా ఎంతో డాక్టర్నే అడగాలి.

పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోయినా, వాంతులు, జ్వరం, ఎక్కువ రక్తస్రావం ఉన్నా ఇంట్లో ఆగకండి.

సిరప్ మొదలెట్టిన మూడో పొద్దున, చోడి (రాగి) అంబలి తాగిన అరగంటకి అప్పకి సుఖంగా అయింది. ఆ మధ్యాహ్నం అమ్మ తోటకూర పప్పు వండింది.