ఆరు గంటలకు ఆగిపోయే టీవీ

1950ల తొలినాళ్లలో బ్రిటన్ ఇళ్లలో సాయంత్రం ఆరయితే టీవీ ఆగిపోయేది. పిల్లల కార్యక్రమాలు ముగిశాక ఒక గంట ప్రసారమే ఉండదు. ఆలోగా పసివాళ్లను పడుకోబెట్టుకోవాలన్నది లెక్క. ఈ ఏర్పాటుకు 'టాడ్లర్స్ ట్రూస్' (పసివాళ్ల సంధి) అన్న ముద్దు పేరు కూడా ఉంది.

దీన్ని మొదట్లో ఎవరూ పెద్దగా తప్పుపట్టలేదు. ఖాళీ తెర వాళ్లకు కొత్త కాదు మరి. 1936 నవంబరు 2న లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ రోజువారీ ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు, రాత్రి తొమ్మిది నుంచి పది, అంతే. ఆదివారం అదీ లేదు. యుద్ధం ముంచుకొచ్చి 1939 సెప్టెంబరు 1న ఆ కాస్తా ఆగిపోయి, మళ్లీ 1946 జూన్ 7న మొదలైంది. సాయంత్రపు విరామం ఆ తర్వాత అలవాటుగా స్థిరపడింది.

పేచీ వచ్చింది 1955 సెప్టెంబరు 22న, ప్రకటనలతో నడిచే ఐటీవీ రంగంలోకి దిగాక. జనం పనుల నుంచి ఇల్లు చేరే వేళకు తెర ఖాళీగా ఉంటే ప్రకటనల డబ్బు పోయినట్టే. అసలే మొదటి ఏడాది ఐటీవీ కంపెనీలు నష్టాల్లో ఉన్నాయి. బీబీసీది వేరే లెక్క. దాని రాబడి టీవీ ఉన్న ఇళ్లవాళ్లు కట్టే లైసెన్సు రుసుము. ఎన్ని గంటలు ప్రసారం చేసినా ఆ రుసుము పెరగదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది. కాబట్టి విరామాన్ని వదులుకోవడానికి అది ససేమిరా అంది. అరగంటకు కుదిద్దామన్నా ఒప్పుకోలేదు. పిల్లల నిద్ర పేరుతో మొదలైన నియమం చివరికి నిలబడింది పద్దుల మీదే అనిపిస్తుంది నాకు.

ప్రసారాల వ్యవహారాలు కూడా చూసే మంత్రి, అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ చార్లెస్ హిల్. యుద్ధకాలంలో 'రేడియో డాక్టర్'గా ఇంటింటికీ ఆరోగ్య సలహాలు చెప్పిన మనిషే ఈయన. అలాంటివాడే, పిల్లల్ని వేళకు పడుకోబెట్టడం తల్లిదండ్రుల బాధ్యత, ప్రభుత్వానిది కాదని తేల్చేశాడు. రద్దుకు పార్లమెంటు ఒప్పుకున్నా, ఏ రోజు నుంచి అన్నదానిపై బీబీసీకీ, ఐటీవీని పర్యవేక్షించే ఐటీఏకీ పొసగలేదు. తేదీ కూడా హిల్లే ఖాయం చేయాల్సి వచ్చింది: 1957 ఫిబ్రవరి 16, శనివారం.

అంత బెట్టుచేసిన బీబీసీ ఆ సాయంత్రమే 'సిక్స్-ఫైవ్ స్పెషల్' అనే కుర్రకారు సంగీత కార్యక్రమంతో ఆ ఖాళీని నింపింది. సోమవారం నుంచి 'టునైట్' వచ్చింది. క్లిఫ్ మిషెల్‌మోర్ నడిపిన ఈ కార్యక్రమంలో గాయకుడు సై గ్రాంట్ ఆనాటి వార్తల్నే కాలిప్సో (కరీబియన్ జానపద బాణీ) పాటలుగా పాడేవాడు.

ఆదివారం సాయంత్రం చర్చి వేళలో ఇచ్చే విరామాన్ని మాత్రం అప్పుడు కదిలించలేదు. మొత్తం ప్రసార గంటలపై ప్రభుత్వ పరిమితి 1972 దాకా కొనసాగింది.