గులాబీ-ఆకుపచ్చ రంగుల వెనుక ఓ పాత చీలిక

2024 అమెరికా ఎన్నికల్లో కమలా హారిస్ సభలకు గులాబీ, ఆకుపచ్చ దుస్తుల్లో, మెడలో ముత్యాలతో మహిళలు గుంపులుగా వచ్చేవారు. వాళ్లు పార్టీ మహిళా విభాగం కాదు, ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే నల్లజాతి మహిళల సొరారిటీ సభ్యులు. హారిస్ హోవార్డ్ యూనివర్సిటీలో చదువుతూ 1986లో అందులో చేరారు.

సొరారిటీ అంటే కాలేజీ అమ్మాయిల సంఘం. హాలీవుడ్ పుణ్యమా అని ఆ మాట వినగానే మనకు విందు వినోదాల పార్టీలే గుర్తొస్తాయి. నల్లజాతి మహిళల సంఘాల తీరు వేరు. డిగ్రీ చేతికొచ్చినా సభ్యత్వం పోదు. ఉద్యోగాల్లో స్థిరపడ్డాక ఎక్కడుంటే అక్కడి శాఖలో చేరి పనిచేస్తారు.

వీటిలో మొదటిది ఆల్ఫా కప్పా ఆల్ఫాయే. బానిసత్వం రద్దయి అర్ధ శతాబ్దమైనా నిండని రోజుల్లో, 1908 జనవరి 15న, వాషింగ్టన్‌లోని హోవార్డ్‌లో ఎథెల్ హెడ్జ్‌మన్ అనే విద్యార్థిని చొరవతో పుట్టింది. నాలుగేళ్లకే గొడవ మొదలైంది. పేరు, రంగులు, గుర్తులు మార్చాలని, బయటి సమస్యల్లోకి దిగాలని అప్పటి విద్యార్థినులు పట్టుబట్టారు. ససేమిరా కుదరదన్నారు పూర్వ విద్యార్థిని నెల్లీ క్వాండర్. 1913 జనవరి 13న 22 మంది విడిపోయి డెల్టా సిగ్మా థీటా పెట్టుకున్నారు. అదే నెల 29న క్వాండర్ పాత సంఘాన్ని చట్టబద్ధంగా రిజిస్టర్ చేయించారు.

డెల్టాలు మార్చి 3న మహిళల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. దక్షిణాది తెల్ల మహిళలు నొచ్చుకుంటారని నిర్వాహకులు నల్లజాతి మహిళలను వెనక నడవమన్న ఊరేగింపు అది. అందుకే 'డెల్టాలది ఉద్యమం, పాతవాళ్లది హంగు' అన్న మాట వినిపిస్తుంటుంది. నాకది సగం నిజమే అనిపిస్తుంది.

ఎందుకంటే 1935 నుంచి 1942 దాకా ఆల్ఫా కప్పా ఆల్ఫా ఏటా వేసవిలో మిసిసిపీ పల్లెల్లో వైద్య శిబిరాలు నడిపింది. డాక్టర్ డొరొథీ ఫెరెబీ నాయకత్వంలో సభ్యులు వాషింగ్టన్ నుంచి సొంత కార్లలో బయల్దేరేవారు. రైళ్లలో నల్లవారికి పెట్టే ఆంక్షలు అలాంటివి మరి. తీరా వెళితే, కూలీలు పని మానుకుని శిబిరానికి రావడానికి భూస్వాములు ఒప్పుకోలేదు. దాంతో ఆ కార్లనే పత్తి చేల దగ్గరికి తోలారు. మశూచి, డిఫ్తీరియా టీకాలు అక్కడే వేశారు. పళ్లు చూశారు, తిండి గురించి చెప్పారు. పేదరికాన్ని కళ్లారా చూసిన సంఘానికి చట్టాలు మారకుండా పని జరగదని తెలిసివచ్చినట్టుంది. 1938లోనే వాషింగ్టన్‌లో లాబీయింగ్, అంటే చట్టాలు చేసేవాళ్లను ఒప్పించే పని, మొదలుపెట్టింది.

మచ్చలూ లేకపోలేదు. పైతరగతి డాబు అన్న విమర్శ పాతదే. కొత్తగా చేరేవాళ్లను వేధించడం ఇంకా పెద్ద సమస్య. నల్లజాతి సొరారిటీలు, ఫ్రాటర్నిటీలు (అబ్బాయిల సంఘాలు) కలిసి 1990లో పాత చేరిక పద్ధతిని రద్దు చేసినా, చాటుమాటు ర్యాగింగ్ ఆగలేదు, కేసులూ ఆగలేదు.

2024లో ఈ సంఘాలు ఏ అభ్యర్థి పేరూ ఎత్తకుండా ఓటర్లను నమోదు చేయించే పనిలో దిగాయి. ఆల్ఫా కప్పా ఆల్ఫా ఇంకో అడుగు వేసి, ఎన్నికల విరాళాల కోసం విడిగా ఒక రాజకీయ కమిటీనే రిజిస్టర్ చేయించింది.