వాలీబాల్ జట్టు లేదంటే, తలల లెక్క చూడాలి

అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలకు మహిళల వాలీబాల్ జట్టే లేదు. ఎందుకని? ఆట పుట్టింది అక్కడే మరి. 1895లో మసాచుసెట్స్‌లోని హోలియోక్‌లో, వైఎంసీఏ వ్యాయామశాల చూసుకునే విలియం మోర్గాన్ ఒక కొత్త ఆట కనిపెట్టాడు. వయసు పైబడినవాళ్లకు బాస్కెట్‌బాల్ మరీ మోటుగా ఉందన్నది ఆయన బాధ. మొదట పెట్టిన పేరు మింటనెట్. అదే తర్వాత వాలీబాల్ అయింది. హోలియోక్‌కు కాస్త దూరంలోనే ఉన్న ఆమ్‌హెర్స్ట్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయం, 2000 దశకం తొలి ఏళ్లలో బడ్జెట్ కోత వచ్చినప్పుడు తీసేసిన జట్లలో మహిళల వాలీబాల్ ఒకటి. పుట్టింటి పక్కనే చోటు లేకుండా పోయిందన్నమాట.

అమ్మాయిలకు ఆసక్తి లేక జట్లు లేవనుకుంటే పొరపాటే. అమెరికా హైస్కూళ్లలో వాలీబాల్ ఆడే అమ్మాయిల సంఖ్య బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ల సంఖ్యను ఎప్పుడో దాటింది. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా విశ్వవిద్యాలయం జట్టు ఫుట్‌బాల్ స్టేడియంలో వాలీబాల్ మ్యాచ్ పెడితే 92,003 మంది వచ్చారు. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మొదటి శ్రేణిలో మూడు వందలకు పైగా విద్యాసంస్థలకు మహిళల జట్లున్నాయి. లేనివి కొన్నే. ఆ కొన్నింటికి ఎందుకు లేవో తెలియాలంటే చట్టం దగ్గరికి వెళ్లాలి.

1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ప్రకారం, ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఆడ, మగ తేడా చూపకూడదు. ఆ ఒక్క వాక్యంలో ఆటల ఊసే లేదు. ఆటలకు దాన్ని ఎలా వర్తింపజేయాలో 1979లో వివరణ ఇచ్చారు. మూడు మార్గాలున్నాయి, ఒకదాన్ని పాటిస్తే చాలు: విద్యార్థుల్లో అమ్మాయిల వాటా ఎంతో ఆటగాళ్లలోనూ దాదాపు అంతే ఉండాలి, లేదా అమ్మాయిలకు అవకాశాలు పెంచుతూ వస్తుండాలి, లేదా వాళ్ల ఆసక్తులకు పూర్తిగా చోటిచ్చి ఉండాలి. ఫలానా ఆట తప్పక ఉండాలని ఎక్కడా లేదు. ఎన్‌సీఏఏ కూడా కనీసం ఇన్ని ఆటలుండాలంటుంది తప్ప వాలీబాల్ అని పట్టుబట్టదు.

ఇక్కడే అసలు పేచీ. మొదటి మార్గంలో లెక్కకు వచ్చేది తలలు. పురుషుల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒక్కదానిలోనే వంద మందికి పైగా ఉంటారు. దానికి సరితూగేలా అమ్మాయిల సంఖ్య పెంచాలంటే, పదిహేను మందితో సరిపోయే వాలీబాల్ కంటే పదుల మందిని పడవలెక్కించే రోయింగ్ సులువు. 1997లో ఎన్‌సీఏఏ మహిళల రోయింగ్‌కు ఛాంపియన్‌షిప్ పెట్టింది కూడా. పైగా మొదటి శ్రేణిలో వాలీబాల్‌కు చాలాకాలం 12 పూర్తి స్కాలర్‌షిప్‌ల పద్ధతి నడిచింది. వాటిని ముక్కలు చేసి ఎక్కువమందికి పంచే వీలు లేదు. అంటే తలకు ఖర్చెక్కువ, తలలు తక్కువ. చట్టం తప్పని నేననను. దాన్ని కూడికలు తీసివేతలుగా మార్చుకున్నది విశ్వవిద్యాలయాలే.

కోర్టుల్లో ఈ లెక్క బయటపడింది. 1991లో బ్రౌన్ విశ్వవిద్యాలయం మహిళల వాలీబాల్, జిమ్నాస్టిక్స్, పురుషుల గోల్ఫ్, వాటర్ పోలోలకు నిధులు ఆపి, దాతల డబ్బుతో నడుపుకోమంది. దాంతో ఆదా అయింది ఏడాదికి సుమారు 78 వేల డాలర్లు. అందులో దాదాపు 62 వేలు మహిళల జట్లవే. విద్యార్థుల్లో సగానికి దగ్గరగా ఉన్న అమ్మాయిలు ఆటగాళ్లలో మాత్రం మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. క్రీడాకారిణులు వేసిన కోహెన్ కేసులో బ్రౌన్ ఓడిపోయింది. దాని అప్పీలు వినడానికి 1997లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

2009లో క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం ఇంకో దారి పట్టింది. వాలీబాల్ జట్టును ఎత్తేసి, పోటీ చీర్‌లీడింగ్‌ను (జట్లను ఉత్సాహపరిచే విన్యాసాలతో పోటీపడటం) మహిళల క్రీడగా చూపబోయింది. క్రాస్ కంట్రీ పరుగు జట్టు అమ్మాయిలనే ఇండోర్, ఔట్‌డోర్ ట్రాక్ జట్లలోనూ లెక్కేసింది. ఒక మనిషి మూడు తలలు! చీర్‌లీడింగ్ ఇంకా క్రీడగా స్థిరపడలేదని 2010లో ఫెడరల్ జడ్జి తేల్చారు. అప్పీలు కోర్టు 2012లో ఆ తీర్పును సమర్థించింది.

పాత స్కాలర్‌షిప్ పద్ధతి ఈమధ్యే మారింది. ఎన్‌సీఏఏపై వేసిన కేసులో 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, అందులో చేరిన సంస్థలకు స్కాలర్‌షిప్ పరిమితి పోయి వాలీబాల్‌కు 18 మంది జట్టు పరిమితి వచ్చింది. నాలుగు దశాబ్దాలకు పైగా మహిళల వాలీబాల్ లేకుండా గడిపిన వాండర్‌బిల్ట్ అదే ఏడాది మళ్లీ జట్టును దించింది. బిగ్ 12 అనే కాలేజీ లీగ్‌లోని ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో మాత్రం మహిళలకు గుర్రపు స్వారీ జట్టుంది, వాలీబాల్ జట్టు లేదు.